కొండ మీది ఊరు, లోయలోకి దిగిపోయిన సంపద

ఇంగ్లండ్‌లోని వెస్ట్ యార్క్‌షైర్‌లో హెప్టన్‌స్టాల్ అనే చిన్న కొండ ఊరు ఉంది. బయటివాళ్లు ఎక్కువగా 1963లో చనిపోయిన కవయిత్రి సిల్వియా ప్లాత్ సమాధి చూడటానికే అక్కడికి వస్తారు. వచ్చినవాళ్లకు ఒకే ఆవరణలో రెండు చర్చిలు కనిపిస్తాయి. ఒకదానికి పైకప్పు లేదు, రెండోదాంట్లో ప్రార్థనలు జరుగుతాయి. నా దృష్టిలో ఈ ఊరి అసలు కథ కవిత్వానిది కాదు, బట్టల వ్యాపారానిది.

అంత నిటారు కొండ మీద ఊరెందుకు కట్టుకున్నారు? అప్పట్లో కొండ కిందున్న కాల్డర్ లోయ అడుగంతా బురద, చెట్లు. సరుకు మోసే గుర్రాల బాటలన్నీ కొండల మీదుగానే పోయేవి. నేల సారం లేనిది కాబట్టి సేద్యం ఒక్కదానితో పొట్ట నిండదు. అందుకే ఇంటింటా ఉన్ని మగ్గం పెట్టుకున్నారు. పై అంతస్తులో వరుసగా ఉండే కిటికీలు మగ్గానికి వెలుతురు కోసం పెట్టినవే. నేసిన బట్ట దగ్గర్లోని హాలిఫాక్స్ పట్టణం సంతకు వెళ్లేది.

1260 ప్రాంతంలో ఇక్కడ సెయింట్ థామస్ బెకెట్ పేరుతో చర్చి వెలిసింది. హాలిఫాక్స్ పారిష్, అంటే అక్కడి చర్చి కింద ఉండే ప్రాంతం, చాలా పెద్దది. పెళ్లికీ చావుకీ మైళ్లకు మైళ్లు నడిచే బాధ దీంతో తప్పింది. తర్వాతి శతాబ్దాల్లో దాన్ని విడతలు విడతలుగా పెంచుతూ పోయారు. మెథడిస్టులనే క్రైస్తవ శాఖ గురువు జాన్ వెస్లీకి అది తాను చూసిన చర్చిలన్నిట్లోకీ అందవికారంగా తోచింది. చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా ఒక ముక్క కడితే అలాగే ఉంటుంది మరి! ఆయన అనుచరులు మాత్రం 1764లో ఎనిమిది మూలల ప్రార్థనామందిరం కట్టుకున్నారు. అది ఇప్పటికీ నిలిచే ఉంది.

చర్చి ఆవరణలో డేవిడ్ హార్ట్లీ సమాధి కూడా ఉంది. బంగారు నాణేల అంచులు కత్తిరించి, ఆ తునకలతో దొంగ నాణేలు పోసిన ముఠాకు నాయకుడతను. 1770లో యార్క్‌లో ఉరి తీశారు. ఇప్పుడతన్ని రాబిన్‌హుడ్‌లా చెప్పుకునేవాళ్లున్నారు. ముఠాను వెంటాడిన పన్నుల అధికారి విలియం డైటన్‌ను 1769లో కాల్చి చంపిన సంగతి ఆ కథల్లో కాస్త వెనక్కి పోతుంది.

ఆ తర్వాత లెక్క తలకిందులైంది. మిల్లులకు వాగుల నీరు కావాలి, ఆపైన బొగ్గు కావాలి. 1804 నాటికి లోయలో రోచ్‌డేల్ కాలువ పూర్తయింది, 1840ల మొదట్లో రైలు వచ్చింది. కొండ కింద హెబ్డెన్ బ్రిడ్జ్ మిల్లుల ఊరుగా పెరిగింది. పైన మగ్గాలు ఆగిపోయాయి. మిల్లు బట్ట మన చేనేత పొట్ట కొట్టిందని మనం చెప్పుకునేది నిజమే. దాని దెబ్బ ముందుగా తిన్నవాళ్లలో ఇంగ్లిష్ చేనేతవాళ్లూ ఉన్నారన్నది మాత్రం మనకు పెద్దగా గుర్తుండదు.

1847 తుఫానుకు పాత చర్చి దెబ్బతింది. 1854లో పక్కనే కొత్తది కట్టారు, పాతదాన్ని మాత్రం కూల్చలేదు. ఊళ్లో రాతి ఇళ్లు కూడా చాలావరకు అలాగే మిగిలాయి. దీన్ని వారసత్వం మీద మమకారం అంటే నేను పూర్తిగా ఒప్పుకోను. డబ్బు కిందికి పోయాక, కొండ మీద పాతవి పడగొట్టి కొత్తవి కట్టాల్సిన అవసరం ఎవరికీ పెద్దగా రాలేదు.