విడిభాగాలతో నిలబెట్టిన బండికీ చరిత్ర ఉంది

వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్ కోసం 2021 జులైలో కేంద్ర రవాణా శాఖ తెచ్చిన నిబంధనలు గోదావరి డెల్టాలో పాత బండ్లు ఉంచుకున్నవారికీ, వాటిని బాగుచేసే మేస్త్రులకూ తెలిసినవే కనుక వాటిని మళ్లీ ఏకరువు పెట్టను. యాభై ఏళ్లు దాటిన బండికి ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇవ్వడం, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయల రుసుము తీసుకోవడం, రోజువారీ తిరుగుడుకు వాడరాదనడం వంటి వాటితో నాకు పేచీ లేదు. నా అభ్యంతరమంతా నిర్వచనంలోని ఒక్క షరతు మీదనే. బండి అసలు రూపంలోనే ఉండాలని, ఛాసిస్ అనే అడుగు చట్రంలోగానీ బాడీలోగానీ ఇంజన్‌లోగానీ మార్పులు చేసిన భారీ మరమ్మతు ఏదీ జరిగి ఉండరాదని ఆ షరతు చెబుతోంది. దీన్ని అక్షరాలా అమలు చేస్తే కాకినాడ నుంచి నరసాపురం దాకా వింటేజ్ హోదాకు తగిన బండిని వెతికి పట్టుకోవడం దాదాపు అసాధ్యం. విడిభాగాలతో తిరిగి నిలబెట్టిన బండి, ఏది ఎప్పుడు మారిందో దాచకుండా చెప్పినంతకాలం, అసలైన పాత బండేనని నేను నమ్ముతున్నాను. దాన్ని చట్టమూ సంతా అలాగే గుర్తించాలి.

డెల్టాలో ఇనుము బతికే తీరు తెలిసినవారికి ఇందులో కొత్తేమీ లేదు. ఒకవైపు సముద్రపు ఉప్పుగాలి, మరోవైపు ఏడాదిలో సగం రోజులు ఆరని తేమ ఫ్లోరు రేకును, తలుపుల అడుగు అంచులను, మడ్‌గార్డుల లోపలి మడతలను ముందుగా తినేస్తాయి. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవహించిన వరదనూ, 1996 నవంబరు 6న కోనసీమను ఛిద్రం చేసిన తుఫానునూ దాటుకుని వచ్చిన బండికి రేకు మార్చలేదంటే అది షెడ్డులోంచి బయటికి రాలేదనే అర్థం. ఇక ఇంజన్ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. బోరు చేయించి, స్లీవులు వేయించి, క్రాంకు గ్రైండింగ్ చేయించి, అది కూడా చాలని రోజున పెట్రోలు ఖర్చు భరించలేక డీజిల్ ఇంజన్ బిగించుకున్న అంబాసిడర్లు ఈ జిల్లాల రోడ్ల మీద లెక్కలేనన్ని తిరిగాయి. ఆ మార్పులు బండి అసలుతనాన్ని చెరిపివేయలేదు. ఆ బండి ఇక్కడ, ఈ నేల మీద, ఈ మనుషుల చేతుల్లో బతికిందనడానికి అవే సాక్ష్యం.

విడిభాగాల కూర్పు అన్న మాటనే నిందగా వాడేవారు మన దేశంలో మోటారు పరిశ్రమ ఎలా పుట్టిందో ఒకసారి చూడాలి. 1920లలో ఫోర్డ్, జనరల్ మోటార్స్ సంస్థలు ఇక్కడ బండ్లు తయారు చేయలేదు. ఓడల్లో పెట్టెలుగా వచ్చిన భాగాలను బిగించి అమ్మాయి. మహీంద్రా సంస్థ 1947లో జీపులతో మొదలుపెట్టిన పని కూడా అదే. ఆ జీపు పూర్వీకుల కథ ఇంకా బలమైన ఉదాహరణ. రెండో ప్రపంచ యుద్ధంలో ఆరు లక్షలకు పైగా జీపులను విల్లీస్, ఫోర్డ్ సంస్థలు ఒకే నమూనాలో తయారు చేశాయి. ఒకరి భాగం మరొకరి బండికి సరిపోవడం అక్కడ అనుకోకుండా జరిగింది కాదు, సైన్యం కోరి పెట్టుకున్న నియమం. ఫోర్డ్ తన భాగాల మీద ‘ఎఫ్’ అక్షరం ముద్రించేది, అయినా సైనిక షెడ్లలో మరమ్మతుకు వచ్చిన విల్లీస్ జీపుకు ‘ఎఫ్’ బోల్టు బిగించడానికి ఎవరూ వెనకాడలేదు. యుద్ధం ముగిసేనాటికే అలా కలగలిసిన జీపులను ఇప్పుడు ప్రతి బోల్టూ ఒకే ఫ్యాక్టరీది కావాలని పరీక్షించడమంటే ఆ బండి నడిచిన చరిత్రనే తిరస్కరించడమవుతుంది.

ఈ ప్రశ్నను లండన్ హైకోర్టు 1990లోనే తేల్చింది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అనే బెంట్లీ స్పీడ్ సిక్స్ కారు 1929లోనూ 1930లోనూ లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. తర్వాత దానికి మరింత పెద్దదైన ఎనిమిది లీటర్ల ఇంజన్ బిగించారు. 1932లో బ్రూక్‌లాండ్స్ పందెంలో అది ఘోర ప్రమాదానికి గురై డ్రైవరు ప్రాణాలు కోల్పోయాడు. ఆ పైన దాన్ని పూర్తిగా వేరే బాడీతో కట్టారు. దశాబ్దాల తర్వాత కోటి పౌండ్లకు అమ్మకం కుదిరాక, ఇందులో 1929 నాటి భాగాలు నామమాత్రమే ఉన్నాయి కాబట్టి ఇది ఆ కారు కాదని కొనుగోలుదారు సొమ్ము చెల్లించడానికి నిరాకరించాడు. న్యాయమూర్తి జస్టిస్ ఓటన్ భాగాల లెక్క వేసి ఊరుకోలేదు. ఆ బండి ఏనాడూ మాయమై మళ్లీ పుట్టలేదని, ఒక రూపంలోంచి మరో రూపంలోకి తెగకుండా మారుతూ వచ్చిందని, కనుక అదే ఓల్డ్ నంబర్ వన్ అని తీర్పునిచ్చారు. ఆ తీర్పులో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఒకటుంది. ఇనుము వయసుకూ బండి గుర్తింపుకూ ఆయన ముడిపెట్టలేదు, తెగని చరిత్రకు ముడిపెట్టారు.

సంత కూడా అదే మాట చెబుతోంది. 2018 ఆగస్టులో మాంటెరే వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు అమ్ముడుపోయి, అప్పటికి వేలంలో అత్యధిక ధర పలికిన కారుగా నిలిచిన ఫెరారీ 250 జీటీఓకు 1964లోనే బాడీ మార్చి కొత్త రూపంలో కట్టారు. ఆ మార్పు ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో కాగితాల మీద ఉంది కాబట్టి కొన్నవారికి అది లోపంగా కనిపించలేదు. మన నిబంధనను యథాతథంగా ఆ కారుకు వర్తింపజేస్తే బాడీ మార్చిన కారణంగా దానికి ‘వీఏ’ నంబరు దక్కదు. లోకం అత్యంత విలువైనదిగా గుర్తించిన బండిని అనర్హంగా తేల్చే కొలత తప్పుడు కొలత కాకపోతే మరేమిటి?

ఎదుటివారి వాదనను నేను తేలిగ్గా తీసుకోవడం లేదు. పాత సి బుక్కు, తుక్కు దుకాణంలో కొన్న ఒక నంబరు ప్లేటు ఉంటే చాలు, మిగతా బండినంతా కొత్తగా కొట్టించి వింటేజ్ అని అమ్మేవారు ఉన్నారు. ఒక బండి ఛాసిస్ ఒకరి దగ్గర, ఇంజన్ మరొకరి దగ్గర చేరి, ఇద్దరూ తమదే అసలుదని చెప్పుకునే ప్రమాదమూ ఉంది. అయితే ఈ మోసాలన్నిటికీ మూలం మార్పును దాచడంలో ఉంది, మార్చడంలో లేదు. మారిస్తే హోదా పోతుందని చట్టం బెదిరించినప్పుడు నిజాయితీపరుడైన యజమాని కూడా వెల్డింగు మచ్చను రంగు కింద దాచిపెడతాడు. అంటే మోసాన్ని ఆపాలని పెట్టిన షరతే మోసానికి కారణమవుతోంది.

పోలిక ఒకటి చెప్పాలంటే మన అంతర్వేదినే చెబుతాను. 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం దగ్ధమైతే, కొత్త కలపతో కొత్త రథాన్ని చెక్కించి 2021 ఫిబ్రవరిలో మళ్లీ ఉత్సవానికి సిద్ధం చేశారు. అది పాత రథమని ఎవరూ చెప్పలేదు, అది స్వామివారి రథం కాదని కూడా ఎవరూ అనలేదు. కలప కొత్తదని ఊరంతటికీ తెలిసినందువల్లనే ఆ రథం విషయంలో అసలా నకిలీయా అన్న ప్రశ్న తలెత్తలేదు.

ఇలాంటి బండ్లకు చోటు కల్పించడం కష్టమైన పనేమీ కాదు. కనీసం పాతికేళ్లు దాటిన అసలైన భాగాలను ఒకటికి మించిన బండ్ల నుంచి సేకరించి, మూల నమూనా ప్రకారమే కట్టిన వాటిని పునర్నిర్మిత క్లాసిక్‌గా గుర్తించే పద్ధతిని బ్రిటన్ ఏళ్ల తరబడి అనుసరించింది. అందులో అన్నిటికంటే చిన్న వయసున్న భాగం ఏదో దాన్నిబట్టి బండి వయసును లెక్కగట్టి నంబరు ఇచ్చేవారు. కొత్తగా పోతపోసిన నకలు భాగాలుంటే వేరే గుర్తున్న నంబరు ఇచ్చేవారు. చారిత్రక వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫివా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా మార్చిన భాగాలను గుర్తుపట్టేలా ముద్ర వేయాలని, చేసిన పనిని నమోదు చేయాలని సిఫారసు చేసింది. మన దగ్గర పెళ్లి ఊరేగింపుల కోసం జీపు ఛాసిస్ మీద పాతకాలపు రూపం వచ్చేలా రేకు కొట్టించిన బండ్లున్నాయి. వాటికి ఒక వర్గం, నిజమైన పాత భాగాలతో నిలబెట్టిన అంబాసిడర్‌కూ జీపుకూ మరో వర్గం, అసలు చేయి పడని అరుదైన బండికి ఇంకో వర్గం ఏర్పాటు చేస్తే ఎవరి విలువ వారికి దక్కుతుంది, కొనేవారికి దేనికి సొమ్ము పోస్తున్నారో తెలుస్తుంది.

నమోదు అన్నప్పుడు నన్ను ఎక్కువగా బాధించే విషయానికి వస్తాను. మన సమాజం తయారుచేసిన కంపెనీ పేరును గుర్తుంచుకుంటుంది, కొన్న యజమాని పేరును సి బుక్కులో రాస్తుంది, ఆ బండిని నలభై ఏళ్లు బతికించిన మేస్త్రి పేరును మాత్రం ఎక్కడా రాయదు. కంపెనీ విడిభాగాలు ఇవ్వడం మానేసిన తర్వాత లేత్ మీద బుష్షు తిప్పి, స్ప్రింగు కమాను కట్టల్లో విరిగిన పట్టీని వేరే బండి పట్టీతో సరిచేసి, దొరకని పనిముట్టును తానే తయారుచేసుకున్నవాడి విద్య అతనితోనే పోతోంది. 2022లో కేంద్రం మరమ్మతు హక్కు పేరుతో వెబ్ పోర్టల్ తెచ్చి కంపెనీల నుంచి సమాచారం కోరింది, అది మంచిదే. కానీ కంపెనీయే మూతపడిన బండికి సమాచారం ఆ మేస్త్రి చేతిలో తప్ప ఇంకెక్కడా లేదు. ప్రతి పాత బండికీ ఒక మరమ్మతు పుస్తకం ఉండాలి. మార్చిన భాగం, అది వచ్చిన బండి, చేసిన తేదీతో పాటు చేసినవారి సంతకం అందులో ఉండాలి. వింటేజ్ హోదాను పరిశీలించేవారు దాన్ని సాక్ష్యంగా స్వీకరించాలి.

ఇందుకు వ్యవధి కూడా ఎక్కువ లేదు. అంబాసిడర్ ఉత్పత్తి 2014 మేలో ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ పొడిగించకుండా తుక్కు చేయాలన్న నియమం 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఈ రెండింటినీ కలిపి చూస్తే 2029 నాటికి ప్రభుత్వ కార్యాలయాల చేతిలో ఉన్న చివరి అంబాసిడర్ కూడా తుక్కు కేంద్రానికి చేరాల్సిందే. వాటి గేర్‌బాక్సులు, డోర్ హ్యాండిళ్లు, హెడ్‌లైటు రింగులే రేపు ప్రైవేటు వ్యక్తుల దగ్గర మిగిలే బండ్లకు ఆధారం. రాష్ట్ర రవాణా శాఖ ముందుగా చేయవలసింది ఆ బండ్లను నుజ్జు చేసే లోపల పనికొచ్చే భాగాలను నంబర్లతో సహా నమోదు చేయించి రాజమహేంద్రవరం, కాకినాడ, భీమవరం మేస్త్రులకు అందుబాటులోకి తేవడం, అలా అమర్చిన భాగానికి సి బుక్కులో ఒక వరుస కేటాయించడం.