మూజువాణి ఓటు గారికి ఒక ఓటరు విన్నపం

మహారాజశ్రీ మూజువాణి ఓటు గారి సముఖానికి,

నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం అడగక్కర్లేదు లెండి. సభలో ఎంత గోలగా ఉంటే మీరంత ఆరోగ్యంగా ఉంటారని టీవీ చూసేవాళ్లందరికీ తెలుసు.

మీ పనితనమే వేరు. ఓట్లు లెక్కపెట్టకుండా గొంతులు విని తేల్చేస్తారు. "అనుకూలంగా ఉన్నవారు ఆయ్ అనండి" అంటారు పైన కూర్చున్నవారు. బల్లలు మోగుతాయి. "వ్యతిరేకులు నో అనండి" అంటారు. వెల్‌లో, అంటే స్పీకర్ కుర్చీ ముందు, ప్లకార్డులు పట్టుకుని అరుస్తున్నవాళ్ల కేకలు నో కింద రాసుకోవాలో నినాదాల కింద రాసుకోవాలో తేలేలోపే బిల్లు గట్టెక్కేస్తుంది. మేం దీన్ని గుంపులో గోవిందా అంటాం. ఢిల్లీలో చట్టం అంటారట.

2014లో మా తెలుగువాళ్ల మీద మీరు చూపిన ప్రత్యేక అభిమానం మరిచిపోలేం. విభజన బిల్లును జనవరి 30న హైదరాబాద్‌లో అసెంబ్లీ తిరస్కరించింది, మూజువాణి ఓటుతోనే. సరిగ్గా 19 రోజులకు, ఫిబ్రవరి 18న, లోక్‌సభ ఆమోదించింది. అదీ మూజువాణి ఓటుతోనే! అక్కడ వద్దన్న నోరే ఇక్కడ సరేనంది. పైగా ఆ రోజు తలుపులు మూసేశారు, ప్రత్యక్ష ప్రసారం ఆగిపోయింది. మరో రెండు రోజులకు రాజ్యసభలోనూ మీరే.

రాష్ట్రం రావడం న్యాయమా కాదా అన్నది ఇక్కడ నా గొడవ కాదు. దశాబ్దాలు కొట్లాడి సాధించుకున్నవాళ్లకీ, వద్దని రోడ్డెక్కినవాళ్లకీ ఎవరు ఎటు చెయ్యెత్తారో చూసే హక్కుందా లేదా? ఆ లెక్కే లేకుండా చేశారు కదా! అసలు రాజ్యాంగం మూడో అధికరణమే అలా ఉంది. రాష్ట్రం అభిప్రాయం అడగాలి, అంతే. అది విని తీరాలని ఎక్కడా లేదు. ఇల్లు అమ్మేటప్పుడు "ఏమంటావు తాతా" అని అడగడం లాంటిదన్నమాట. తాత వద్దంటాడు. రిజిస్ట్రేషన్ మాత్రం ఆగదు.

2020 సెప్టెంబరు 20న మళ్లీ కనిపించారు. రాజ్యాంగంలో వ్యవసాయం రాష్ట్రాల జాబితాలోది. అయినా కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలో ఉన్న ఆహార పదార్థాల వ్యాపారాన్ని పట్టుకుని కేంద్రం వ్యవసాయ బిల్లులు తెచ్చింది. రాజ్యసభలో ప్రతిపక్షం "లెక్కపెట్టండి" అని మొత్తుకుంది. "సీట్లలో కూర్చుని అడగలేదుగా" అన్నారు పైన కూర్చున్నవారు. ఏడాది తిరిగాక 2021 నవంబరు 29న అవే చట్టాల రద్దు. ఈసారీ చర్చ లేదు, ఈసారీ మూజువాణే. పెట్టేటప్పుడు, తీసేటప్పుడు కూడా రైతుకు వినిపించింది ఒకటే గోల.

లెక్కపెట్టడం రాక కాదు. 1957 నుంచీ లోక్‌సభలో ఓటింగ్ యంత్రం ఉంది. 1999లో ఒక్క ఓటు తేడాతో, 269–270తో, వాజపేయి ప్రభుత్వం పడిపోయింది. 2023లో మహిళా రిజర్వేషన్ బిల్లుకు లోక్‌సభలో 454 మంది అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. ఆ ఇద్దరిలో ఒకరు మన హైదరాబాద్ ఎంపీ. ఎందుకు కాదన్నదీ చెప్పారు. నచ్చినవాళ్లకు నచ్చింది, తిట్టేవాళ్లు తిట్టారు. పేరు తెలిసింది కాబట్టే కదా తిట్టగలిగారు! అయితే రాజ్యాంగ సవరణ కావడంతో ఆ రోజు మూడింట రెండొంతుల మెజారిటీ లెక్క తేలాలి. అందుకే మిమ్మల్ని ఇంట్లో ఉండమన్నారు.

ఒక మాట మాత్రం మీ తరఫున చెప్పాలి. 1985లో ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్, అంటే ఇలాగే ఓటేయాలన్న పార్టీ ఆదేశం, జారీ అయితే ఎంపీ ఇష్టానికి ఓటేయడం కుదరదు, వేస్తే సీటుకే ఎసరు. అలాంటి చోట మా ఎంపీగారు ఎప్పుడైనా మనస్సాక్షి కుట్టి నోట్లోనే "నో" అని గొణుక్కుంటే పార్టీకి దొరకరు. ఆయనకు దాక్కోవడానికి మిగిలిన చోటు మీరే. చిక్కల్లా, నాకూ దొరకరు. ఎన్నికలప్పుడు గుమ్మంలోకి వచ్చి "మీ గొంతు నేనే" అంటారు. ఏ రోజు, ఏ బిల్లుకు, ఏమని అరిచారండీ అంటే పాంఫ్లెట్ చేతిలో పెట్టి పక్కింటికి వెళ్తారు.

కాబట్టి అయ్యా, ప్రతి బిల్లుకూ బటన్ నొక్కించే ఏర్పాటు చూడండి. మీకు విశ్రాంతి, మాకు ఓ జాబితా.

ఈ లేఖ ఇంట్లో చదివి వినిపించాను. మా ఆవిడ "ఊఁ" అంది. అబ్బాయి ఫోన్లోంచి తల ఎత్తలేదు. వంటింట్లో కుక్కర్ కూసింది. అవునన్నవారే ఎక్కువగా ఉన్నట్టు ప్రకటించి పోస్టు చేస్తున్నాను.

ఇట్లు,
ఐదేళ్లకోసారి లెక్కలోకి వచ్చే ఒక ఓటరు