సెట్ అయింది

మా చిన్నాయనకు ఇంగ్లీషులో ఒక్క క్రియ చాలు. కూరలో ఉప్పు సరిపోతే సెట్ అయింది. బెణికిన మెడ దారికొస్తే సెట్ అయింది. గట్టు పంచాయితీ తెగినా సెట్ అయింది. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు 1989 ముద్రణలో ఈ బుల్లి మాటకు క్రియగానే 430 అర్థాలు ఇచ్చారు. తర్వాతి సవరణలో ‘రన్’ 645 అర్థాలతో దాన్ని దాటేసింది. దాటితే దాటనీ, మా హాలియా వైపు ఇప్పటికీ సెట్‌దే రాజ్యం.

ఏప్రిల్లో బత్తాయి తోటలో బోరు మోటరు కాలిపోయింది. నీళ్లు ఆగితే పిందె రాలే కాలం. చిన్నాయన మిర్యాలగూడలో పాత మోటరు ఒకటి బేరం పెట్టాడు. మా చెల్లెకు దసరాకు వచ్చి, కట్నం దగ్గర చెడిన సంబంధం కూడా మిర్యాలగూడదే. అలాంటప్పుడు ఫోన్లో కాస్త విడమరిచి మాట్లాడాలా వద్దా? చిన్నాయన అరుగు మీద నిలబడి, ఫోను లేకున్నా మిర్యాలగూడ దాకా వినపడేంత గొంతుతో అరిచాడు:

“ఆఁ, సెట్ అయిందా? మరి పద్దెనిమిదికి ఖాయం. ఇంతకుముందు ఒకసారి చెడింది గద, మళ్ల చెడదు గద? రేపు పొద్దుగాల నలుగురు రాండ్రి, అన్నం ఈడనే.”

వంటింట్లో చిన్నమ్మ చేతిలో పప్పుగుత్తి ఆగిపోయింది. పద్దెనిమిది లక్షలంటే గుండె గుభేలుమంది గానీ, పోయిన సంబంధం తిరిగొచ్చిందన్న సంబరం ముందు అదెంత! మొగుణ్ని ఒక్క ముక్క అడగలేదు. అక్కకు, ఆడబిడ్డకు, వదినకు మాత్రం ఫోన్లు చేసింది. రాత్రికే శెనగపప్పు నానబెట్టింది.

తెల్లారేసరికి వాకిట్లో ముగ్గు, చెల్లె ఒంటి మీద పట్టుచీర. ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. దిగినవాళ్లు సరిగ్గా నలుగురే. ఒకడి భుజాన చైన్ పుల్లీ, ఇంకొకడి చేతిలో పైపు రెంచీ. చిన్నమ్మ గంధం గిన్నెతో గడపలోనే నిలబడిపోయింది. చెల్లె మాత్రం తాపీగా ఆటోలోకి తొంగిచూసి, “పిలగాడు ఏడే అమ్మా, గోనెసంచి కప్పుకొని పండిండా?” అంది.

వండినవి పారబోస్తారా? మేస్త్రీలు గ్రీసు చేతులు కడుక్కుని, భక్షాల మీద నెయ్యి పోయించుకుని తిన్నారు. మోటరు దించడానికొస్తే ఇంత మర్యాద ఎక్కడా చూడలేదని పెద్ద మేస్త్రీ పొంగిపోయాడు. ఆ ఉత్సాహంలో పైపులు చకచకా బోరులోకి దిగాయి.

చివరి పైపు బిగిస్తుండగా ఫోను మోగింది. సంబంధం తెచ్చిన పెద్దమనిషి. చిన్నమ్మ చెప్పిన శుభవార్త చుట్టాలందరినీ చుట్టి ఆయన చెవినా పడింది. తనను పక్కనపెట్టి ఖాయం చేసుకున్నారని ఒకటే కోపం. చిన్నాయన బోరు పక్కనే నిలబడి, మామూలు గొంతుతోనే బతిమాలాడు: “నీ తోడు అన్నా, ఇంకా సెట్ కాలే! ఎవరో తప్పు చెప్పిండ్రు!”

ఆ కేక విని పెద్ద మేస్త్రీ మొహం మాడ్చుకున్నాడు. కుర్రాళ్లకు సైగ చేశాడు. దించిన పైపులన్నీ మళ్లీ ఒక్కొక్కటే పైకి రావడం మొదలుపెట్టాయి.