జబ్బేదో తేలకుండా మందెందుకు?

వంగ తోటలో రెండు మొక్కలు వాడిపోతే చాలు, తెగులేదో తేలకముందే తోటంతా మొదళ్లు తడిసేలా కార్బెండజిమ్ అనే శిలీంధ్రాలను (బూజును) చంపే మందు పోసేయడం విశాఖ చుట్టుపక్కల పల్లెల్లో అలవాటైపోయింది. ఆనందపురం, పద్మనాభం, భీమిలి రైతును ఇందుకు తప్పుపట్టలేం. అప్పు తెచ్చి వేసిన తోట కళ్లెదుటే ఎండుతుంటే ఎవరికైనా టెన్షనే. కానీ ఆ మందు చెడ్డ బూజునొకదాన్నే వెతికి చంపదు.

వంగ, మిరప, టమాటా, చెరకు వేళ్లలో మైకోరైజా అనే మేలుచేసే శిలీంధ్రం కాపురముంటుంది. భాస్వరం నేలలో అంతగా కదలదు. వేరు చుట్టూ ఉన్నది అయిపోయాక దూరంగా ఉన్నదాన్ని, దానితోపాటు జింకునూ తెచ్చిపెట్టేవి వెంట్రుక కన్నా సన్నని ఈ శిలీంధ్రపు పోగులే. బదులుగా మొక్క తన చక్కెరలో వాటా ఇస్తుంది. సుమారు 40 కోట్ల ఏళ్లనాటి మొక్కల శిలాజాల్లోనూ ఈ జత కనిపించింది. క్యాబేజీ, ఆవ లాంటి పంటలకు మాత్రం ఈ తోడు లేదు.

మైకోరైజా లేకపోతే మొక్క ఏమవుతుందో చూడాలనుకున్న పరిశోధకులు, పొలంలో దాన్ని అణచడానికి ఎంచుకున్న మందు బెనోమిల్. అది నేలలో కార్బెండజిమ్‌గానే మారుతుంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? తెగుళ్లను అణచడానికి రైతులు కొని వేసే మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మాను కూడా ఇదే మందు చంపుతుంది.

అన్ని మందులనూ ఒకే గాటన కట్టలేం. నారుకుళ్లుకు వాడే మెటలాక్సిల్‌తో మైకోరైజాకు ముప్పు తక్కువ. నారు కుళ్లుతుంటే మందు వేయాల్సిందే.

మా అభ్యంతరమల్లా గుడ్డిగా పోయడంపైనే. వాడిపోయిన వంగ కాండాన్ని మొదలు దగ్గర కోసి, గాజు గ్లాసులోని నీళ్లలో కోసిన కొన మునిగేలా పట్టుకోండి. నిమిషాల్లో కోత నుంచి పాలలాంటి ధార కిందికి జారితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. కార్బెండజిమ్ ఎంత పోసినా ఆగదు. డబ్బు దండగ, మైకోరైజాకు దెబ్బ. ఆపై తోట ఎదగట్లేదని భాస్వరం ఎక్కువగా ఉండే ఎరువు డీఏపీ బస్తా దింపుతారు. భాస్వరం మోతాదు మించితే ఆ శిలీంధ్రం వేళ్లలో ఇంకా తగ్గిపోతుంది.

ఈ గ్లాసు పరీక్షను రైతు సేవా కేంద్రాల్లో చేసి చూపించాలి. ఏ మందు నేలలో పోయవచ్చో, ఏది మైకోరైజాకు చేటో మన పంటల వారీగా జాబితా తయారుచేసే పనిని అనకాపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి అప్పగించాలి. వచ్చే ఖరీఫ్ నారుమళ్లు పోసేలోపే ఆ జాబితా ప్రతి మందుల దుకాణం గోడపైనా ఉండాలి.