పక్కకు జారే వేగం సంగతి?

రాకెట్లు కట్టి అంతరిక్షంలోకి పంపే కెర్బల్ స్పేస్ ప్రోగ్రామ్ అనే కంప్యూటర్ ఆటలో మున్ (అంటే ఆ ఆటలోని చందమామ) మీద దిగడమంటే "నేల దగ్గర పడగానే ఇంజన్ వెలిగించడమే" అని ఆ ఆట మీద వచ్చిన ఒక వ్యాసంలో ఒక్క ముక్కలో తేల్చేశారు. గాలి లేని చోట పారాచూట్ పనికిరాదు, నిజమే. కానీ అసలు చిక్కు పక్కకు జారే వేగంతో. అది కాస్త మిగిలినా కాళ్లు నేలను తాకగానే నౌక బోర్లా పడుతుంది. నా నౌకలు ఆరు అలాగే పోయాయి. ఏడోది నిలబడింది గానీ, తిరిగి రావడానికి ఇంధనం లేదు!

నౌక ఎటు తిరిగి ఉందో చూపే గోళం, అదే నావ్‌బాల్ మీద ప్రయాణదిశకు ఎదురు గుర్తు ఉంటుంది చూడండి, ముక్కును దానికే గురిపెట్టి ఇంజన్‌ను కొద్దికొద్దిగా మండించాలి. ఆ గుర్తు మెల్లగా గోళంలో ఆకాశాన్ని చూపే నీలం భాగం నడినెత్తికి పాకితేనే నిట్టనిలువుగా దిగుతున్నట్టు. చంద్రయాన్-3 కూడా 2023 ఆగస్టు 23న దాదాపు 30 కి.మీ. ఎత్తులో, సెకనుకు 1.68 కి.మీ. అడ్డవేగాన్ని తగ్గించుకోవడంతోనే దిగడం మొదలుపెట్టింది.