మాంట్రియల్ యిడ్డిష్ లైబ్రరీ: పాఠకులే నడుపుకుంటే ఏమవుతుంది?

1869లో కెనడాలోని మాంట్రియల్‌లో జోసెఫ్ గిబోర్ అనే అచ్చుపని కార్మికుడు చనిపోయారు. ఆయన క్యాథలిక్కే. అయినా క్యాథలిక్ శ్మశానంలో పూడ్చడానికి వీల్లేదని చర్చి భీష్మించుకుంది. ఆయన చేసిన నేరం ఒక సంఘంలో సభ్యుడిగా ఉండటం. 'ఎన్‌స్టిట్యూ కనాడియెన్' అనే ఆ సంఘం తన లైబ్రరీలో చర్చి నిషేధించిన పుస్తకాలు కూడా పెట్టింది. తీసేయమని బిషప్ బూర్జే ఆదేశించినా వినలేదు. గిబోర్ అంత్యక్రియల గొడవ లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. తీర్పు ఆయన పక్షానే వచ్చింది. శవయాత్రను జనం ఒకసారి గేటు దగ్గరే తిప్పికొట్టారు. చివరికి 1875 నవంబరులో సైనికుల కాపలా మధ్య పూడ్చిపెట్టి, ఎవరూ తవ్వి తీయకుండా శవపేటిక మీద సిమెంటు పోశారు. బిషప్ మాత్రం తగ్గలేదు, ఆ కాస్త నేలా పవిత్రం కాదని ప్రకటించేశారు.

యూదుల లైబ్రరీ గురించి రాస్తూ క్యాథలిక్ శ్మశానంలో మొదలుపెట్టడం వింతగా ఉండొచ్చు. కానీ ఆ ఊళ్లో పుస్తకం ఎంత ప్రమాదకరమైన వస్తువో తెలియకపోతే తర్వాతి కథ అర్థం కాదు. 20వ శతాబ్దం మొదట్లో అమెరికా ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ లైబ్రరీ కట్టుకోమని 1,50,000 డాలర్లు ఇస్తానంటే మాంట్రియల్ నగర పాలకులు నాన్చి నాన్చి ఆ డబ్బు వదులుకున్నారు. ఏ పుస్తకాలు కొనాలి, ఎవరు ఎంపిక చేయాలి అన్న చోటే బండి ఆగిపోయింది. షెర్బ్రూక్ వీధిలో పెద్ద మున్సిపల్ లైబ్రరీ భవనం తెరుచుకునేసరికి 1917 వచ్చింది. దానికంటే మూడేళ్లు ముందే, 1914లో, సెయింట్ లారెంట్ బొలెవార్డ్ చుట్టుపక్కల బతికే యూదు వలసజీవులు తమ లైబ్రరీ తాము పెట్టేసుకున్నారు. దాని పేరు 'యిడిషె ఫోక్స్ బిబ్లియొటెక్'. పేరుకు తగ్గట్టే అది యూదు ప్రజల గ్రంథాలయం. దానికి అనుబంధంగా ఒక ప్రజా విశ్వవిద్యాలయం కూడా ఉండేది.

ఎవరీ జనం? రష్యా సామ్రాజ్యం నుంచి, రొమేనియా నుంచి, ఆస్ట్రియా పాలనలోని గలీషియా నుంచి పారిపోయి వచ్చినవాళ్లు. 1881 తర్వాత మొదలైన మూకదాడులు, 1903లో కిషినేవ్ మారణకాండ, 1905 అల్లర్లు వాళ్లను సముద్రం దాటించాయి. 1901లో మాంట్రియల్‌లో యూదులు 7 వేల మంది ఉంటే, పదేళ్లకే ఆ సంఖ్య నాలుగింతలైంది. ఎక్కువమంది బట్టల ఫ్యాక్టరీల్లో కుట్టుపని చేసేవాళ్లు. 1912లో వేలమంది దర్జీలు సమ్మె చేశారు. ఇంట్లోనూ, యూనియన్ మీటింగులోనూ వాళ్ల భాష యిడ్డిష్. మన ఉర్దూను గుర్తు తెచ్చుకుంటే దాని స్వభావం తేలిగ్గా తెలుస్తుంది: ఎముకల గూడు జర్మన్‌ది, లిపి హీబ్రూది, మాటల్లో స్లావిక్ భాషల వాసన.

మాంట్రియల్ ఉన్న క్వీబెక్ రాష్ట్రంలో అప్పటి ప్రభుత్వ బడులు రెండే రకాలు, క్యాథలిక్కువి, ప్రొటెస్టెంట్లవి. యూదు పిల్లలు ఏ లెక్కలోకి వస్తారో తేలక, చదువు విషయంలో వాళ్లను ప్రొటెస్టెంట్లుగా పరిగణించాలని 1903లో చట్టమే చేశారు! ఇలా ఎవరి లెక్కలోనూ సరిగ్గా ఇమడనివాళ్లకు ప్రభుత్వం వచ్చి లైబ్రరీ కట్టిపెడుతుందన్న భ్రమ ఉండదు కదా. ఊళ్లో స్థిరపడిన సంపన్న యూదులు నడిపే బారన్ ద హిర్ష్ సంస్థ ఉండేది, సాయం చేసేది. కాకపోతే ఆ పెద్దల ధ్యాసంతా కొత్తగా దిగినవాళ్లకు త్వరగా ఇంగ్లీషు నేర్పి, నలుగురిలో పరువు పోకుండా చూసుకోవడం మీదే.

లైబ్రరీ పెట్టినవాళ్లు ఆ పెద్దలు కారు. ముందు నిలబడింది సోషలిజాన్నీ యూదు జాతీయవాదాన్నీ కలిపి నమ్మే 'పోయలే జియాన్' కార్యకర్తలు. స్థాపకులుగా చెప్పుకునే ఇద్దరు రూబెన్ బ్రైనిన్, యెహూదా కౌఫ్‌మన్. తమాషా ఏమిటంటే, బ్రైనిన్ పేరు మోసిన హీబ్రూ రచయిత. మాంట్రియల్ వచ్చింది 'కెనడర్ ఆడ్లర్' అనే యిడ్డిష్ దినపత్రికకు సంపాదకుడిగా. కౌఫ్‌మన్ తర్వాత పాలస్తీనా వెళ్లి హీబ్రూ నిఘంటుకారుడిగా స్థిరపడ్డారు. అప్పటికి హీబ్రూ, యిడ్డిష్ పక్షాలు కత్తులు నూరుకుంటున్నాయి. యిడ్డిష్ ఆడవాళ్ల భాష, వంటింటి భాష అని ఒక పక్షం, కూలిజనం భాష కూడా మా జాతీయ భాషే అని 1908లో చెర్నోవిట్స్‌లో సభ పెట్టి మరీ చాటినది ఇంకో పక్షం. అలాంటి రోజుల్లో ఇద్దరు హీబ్రూ అభిమానులు యిడ్డిష్ లైబ్రరీకి పునాది వేశారంటే, సిద్ధాంతం కన్నా జనం ఏం చదవగలరన్నదే వాళ్లు చూశారనుకోవాలి. బ్రైనిన్ 1916లో న్యూయార్క్ వెళ్లిపోయారు. లైబ్రరీ మూతపడలేదు. స్థాపకుడు పోతే సంస్థ పోవడం అలవాటైన మనకు ఇది చిన్న విషయంగా కనిపించకూడదు.

ఇక్కడ న్యూయార్క్‌తో పోల్చి చూడాలి. అక్కడ మధ్య యూరప్ నుంచి ముందే వచ్చి స్థిరపడిన సంపన్న యూదులు 1886లోనే అగ్విలర్ ఉచిత గ్రంథాలయం పెట్టారు. 1903లో అది నగర పబ్లిక్ లైబ్రరీలో కలిసిపోయింది. 1909లో లోయర్ ఈస్ట్ సైడ్‌లో కార్నెగీ డబ్బుతో సీవార్డ్ పార్క్ శాఖ తెరిచారు. డాబా మీద ఆరుబయట రీడింగ్ రూమ్, యిడ్డిష్ పుస్తకాలు, ఎప్పుడూ కిటకిటలాడే పిల్లల విభాగం. వసతుల్లో మాంట్రియల్ లైబ్రరీ దానికి కాలిగోటికి సరిపోదు. అయినా తేడా వేరే చోట ఉంది. న్యూయార్క్‌లో యిడ్డిష్ పుస్తకం పాఠకుణ్ణి ఇంగ్లీషు పుస్తకం దాకా తీసుకెళ్లే మెట్టు మాత్రమే. అమెరికన్‌గా మారడమే గమ్యం. ఆ గమ్యం ఎవరో ముందే నిర్ణయించి పెట్టారు. మాంట్రియల్‌లో యిడ్డిష్ పుస్తకం దేనికీ మెట్టు కాదు. ఏ పుస్తకం కొనాలి, ఎవరిని పిలిచి ఉపన్యాసం చెప్పించాలి అన్నది చందా కట్టేవాళ్లు, వాళ్లు ఎన్నుకున్న కమిటీ తేల్చుకునేవి.

స్వయంగా నడుపుకోవడం అనగానే దాన్ని నెత్తిన పెట్టుకోవడం నాకు ఇష్టం లేదు. అద్దె గదులు, చాలీచాలని డబ్బు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి మకాం మార్చడం, ఇదే దశాబ్దాల పాటు దాని జీవితం. ఆ రోజుల్లో సోషలిస్టులు, కమ్యూనిస్టులు, జియనిస్టులు (యూదు జాతీయవాదులు) ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికే ఇష్టపడేవాళ్లు కాదు. అలాంటివాళ్లంతా ఒకే కప్పు కింద చదువుకోవాలంటే కమిటీలో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు. మిగతా సంఘాల్లా చీలిపోకుండా అది నిలిచిందంటే కారణం బహుశా ఆ పేదరికమే. చీలి ఇంకో లైబ్రరీ పెట్టుకునే స్తోమత ఎవరికీ లేదు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ లైబ్రరీ అర్థాన్నే మార్చేసింది. అప్పటిదాకా యిడ్డిష్ పుస్తకాల రాజధానులు వార్సా, విల్నా (ఇప్పటి లిథువేనియాలోని విల్నియస్). మాంట్రియల్ కేవలం శివారు. విల్నా ఘెట్టోలో, అంటే యూదులను బంధించి ఉంచిన పేటలో, నాజీల చెరలోనే హెర్మన్ క్రుక్ అనే లైబ్రేరియన్ గ్రంథాలయం నడిపారు. 1942 డిసెంబరులో అక్కడ లక్షో పుస్తకం పాఠకుడి చేతికి వెళ్లిన సందర్భంగా సభ చేసుకున్నారు. అప్పటికే విల్నా యూదుల్లో చాలామందిని ఊరి బయట పోనారి అడవిలో కాల్చి చంపేశారు. క్రుక్‌ను 1944లో ఎస్టోనియాలోని ఒక క్యాంపులో చంపారు. ఆ రాజధానులు బూడిదయ్యాక, శివార్లలో ఉన్న అద్దెగది లైబ్రరీల మీద వాటి బరువంతా పడింది. వార్సాలో యిడ్డిష్ రచయితల సంఘానికి కార్యదర్శిగా చేసిన కవి మెలెక్ రావిచ్ 1941లో మాంట్రియల్ చేరి, ఈ లైబ్రరీని నడిపే బాధ్యత తీసుకున్నారు. 1948లో కవయిత్రి రోఖ్ల్ కోర్న్, 1950లో పోలండ్‌లోని ఊచ్ ఘెట్టో నుంచి, ఆష్విట్స్ నాజీ మృత్యు శిబిరం నుంచి బతికి బయటపడ్డ ఖావా రోజెన్‌ఫార్బ్ వచ్చారు. రచయితలు దిగుతున్నారు, పాఠకులు మాత్రం తరిగిపోతున్నారు.

ఎంత వేగంగా అంటే, 1931 జనగణనలో కెనడా యూదుల్లో 95 శాతం పైగా తమ మాతృభాష యిడ్డిష్ అని రాయించారు. 1951కల్లా అది సుమారు సగానికి పడిపోయింది. సరిగ్గా ఆ తర్వాతే, 1953లో, ఎస్ప్లనేడ్ వీధిలో లైబ్రరీకి సొంత భవనం సమకూరింది. చదివేవాళ్లు నిండుగా ఉన్నప్పుడు చోటు లేదు, చోటు వచ్చేసరికి చదివేవాళ్ల పిల్లలు ఇంగ్లీషులోకి వెళ్లిపోయారు.

అక్కడ రెండు దారులున్నాయి. యిడ్డిష్ తప్ప ఇంకోటి ముట్టం అని పట్టుబట్టడం ఒకటి, పాఠకుల వెంట నడవడం రెండోది. లైబ్రరీ రెండో దారి పట్టింది. 1953 నుంచి దాదాపు ఇరవై ఏళ్లు డైరెక్టర్‌గా ఉన్న డేవిడ్ రోమ్ ఫ్రెంచి మాట్లాడే కెనడియన్లతో మాటామంతీ పెంచారు. మొరాకో నుంచి ఫ్రెంచి మాట్లాడే యూదులు వచ్చారు, ఆ తర్వాత సోవియట్ దేశం నుంచి రష్యన్ మాట్లాడేవాళ్లు వచ్చారు. అల్మారాలు ఇంగ్లీషు, ఫ్రెంచి, హీబ్రూ, రష్యన్, యిడ్డిష్ అని అయిదు భాషల్లోకి విస్తరించాయి. దీన్ని భాషాద్రోహం అనేవాళ్లు ఉంటారు. నేను అనను. ఒక్క భాష కోసమే బతికి ఉంటే ఆ లైబ్రరీ ఈపాటికి ఏ విశ్వవిద్యాలయం నేలమాళిగలోనో అట్టపెట్టెల్లో ఉండేది. అది పాఠకుల సొత్తు కాబట్టే పాఠకులతో పాటు మారగలిగింది. భాషను బతికించే పని ఇంట్లో జరగాలి, బడిలో జరగాలి. ఆ పని చేయలేదని లైబ్రరీని నిందించడం అన్యాయం.

అలాగని నష్టం లేదనీ చెప్పలేం. ఆ నష్టం ఎలా ఉంటుందో 1970ల చివర్లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో చదువుతున్న ఆరన్ లాన్‌స్కీ కళ్లారా చూశారు. ముసలివాళ్లు పోగానే, ఆ లిపి చదవలేని పిల్లలు, మనవలు ఇంట్లోని యిడ్డిష్ పుస్తకాలను చెత్తలో పారేస్తున్నారు. ఆయన 1980లో ఒక సంస్థ పెట్టి వాటిని పోగుచేయడం మొదలుపెట్టారు. లోకం మొత్తం మీద 70 వేల పుస్తకాలు మిగిలి ఉంటే గొప్ప అని పండితులు అప్పట్లో అన్నారు. చివరికి పది లక్షలు దాటాయి. అమెరికాలో ఏమ్‌హర్స్ట్‌లో ఉన్న ఆ సంస్థ వేలాది పుస్తకాలను స్కాన్ చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టింది. మాంట్రియల్ లైబ్రరీ చేసిన మరో పనిని కూడా అదే సంస్థ ఇంటర్నెట్‌కెక్కించింది. యిడ్డిష్ పుట్టుభాషగా ఉన్నవాళ్లను కూర్చోబెట్టి నవలలు, కథలు గొంతెత్తి చదివించి రికార్డు చేశారు. దశాబ్దాల ఉపన్యాసాల టేపులు కూడా ఉన్నాయి. ఆ భాష నేర్చుకునే ఇవాళ్టి విద్యార్థికి ఏ నిఘంటువూ చెప్పలేని యాస వాటిలో దొరుకుతుంది.

మాంట్రియల్‌లో ఇప్పటికీ పసిపిల్లలు యిడ్డిష్ మాట్లాడతారు. ఊట్రెమాన్ వీధుల్లో హసిడిక్ (మతనిష్ఠ ఎక్కువగా ఉన్న ఒక యూదు శాఖ) కుటుంబాల ఇంటి భాష అదే, వాళ్ల సంఖ్య పెరుగుతోంది కూడా. అయితే ఆ ఇళ్లలో ప్రధానంగా మతానికి కట్టుబడ్డ పుస్తకాలకే చోటు. 1914 నాటి దర్జీలు రాత్రిళ్లు మేలుకుని చదివిన లౌకిక నవలలకూ కవిత్వానికీ అక్కడ గుమ్మం దగ్గరే అడ్డుకట్ట. దాంతో యిడ్డిష్ మాట్లాడేవాళ్లు ఒక పేటలో, యిడ్డిష్ సాహిత్యం ఇంకో పేటలోని లైబ్రరీలో ఉన్నాయి. ఈ రెంటికీ మధ్య బస్సులో వెళ్లేంత దూరమే, కానీ రాకపోకలు మాత్రం పెద్దగా లేవు.