నాయన జేబులోని గ్యాస్ మాత్రకు

మహారాజశ్రీ గ్యాస్ మాత్ర గారి సముఖమునకు, తిరుపతి నుంచి నమస్కరించి వ్రాయునది.

మర్యాద ఇంతవరకే. 20 ఏళ్ళుగా మా ఇంట్లో మనిషివి, ఇకమీదట నువ్వు అనే అంటాను, ఏమీ అనుకోకు.

ముందు నీ పలుకుబడి గురించి చెప్పుకోవాలి. ఈ ఊళ్ళో ఎవరికి ఏ బాధ వచ్చినా దానికి పేరు ఒక్కటే. గుండెల్లో మంటైతే గ్యాస్, వీపు పట్టేస్తే గ్యాస్, తలనొప్పి వస్తే గ్యాస్ తలకెక్కింది, ఆఖరికి మా ఎదురింటాయనకి అల్లుడి మీద కోపం వచ్చినా గ్యాసే. మందులంగడిలో చీటీ అడిగిన పాపాన పోరు. "పది ఇయ్యన్నా" అంటే పది, "షీటు ఇయ్యన్నా" అంటే షీటు.

మా నాయన ఆర్టీసీలో కండక్టర్‌గా చేశాడు, తిరుపతి చిత్తూరు బండి మీద. పొద్దున్నే ఖాళీ కడుపుతో టీ, బీడీ, మధ్యాహ్నం మూడుకో నాలుక్కో అన్నం. ఖాకీ చొక్కా జేబులో టికెట్ల పక్కనే నీ షీటు. టికెట్ చించినట్టే నిన్నూ చించేవాడు, డ్రైవర్‌కొకటి, తనకొకటి, కడుపు పట్టుకుని కూర్చున్న ప్యాసింజర్‌కొకటి. రిటైరయ్యాక ఖాకీ పోయింది, నువ్వు మాత్రం తెల్లచొక్కా జేబులోకి మారావు.

నీ పని నువ్వు చేస్తావు, కాదనను. కడుపు గోడలో యాసిడ్ వదిలే పంపులుంటాయి, నువ్వు పోయి వాటికి తాళం వేస్తావు, మంట ఆగుతుంది. నిజంగా యాసిడ్ బాధే ఉన్నవాడికి నువ్వు దేవుడివి. కానీ ఆ మంట ఎందుకొచ్చిందని నువ్వు అడగవు కదా. కడుపులో ఉన్నది క్యాన్సర్ పుండైనా సరే, నువ్వు పడితే కొన్నాళ్ళు నొప్పి తగ్గుతుంది, ఒక్కోసారి పుండు పైకి మానినట్టు కూడా కనిపిస్తుందట. ఏడ్చే పిల్లాడి నోరు మూసి, పిల్లాడికి బాగైపోయిందని చెప్పే రకం నువ్వు.

సంక్రాంతి తర్వాత మొదలైంది. సంగటి ముద్ద సగం తినేసరికే నాయన "చాలు, నిండిపోయింది" అనేవాడు. అమ్మ "యాడ తినొచ్చినావు?" అని అనుమానంగా చూసేది, నాయన జేబు తడుముకునేవాడు. బెల్టుకి చిల్లులు చాలక మేకుతో కొత్తది పొడిచాడు, నెలన్నరకి ఇంకొకటి. పుత్తూరులో పెళ్ళికి పోతే చుట్టాలంతా "ఏమన్నా, భలే సన్నబడ్డావే, వాకింగా?" అని మెచ్చుకున్నారు, ఈయన మీసం దువ్వుకున్నాడు. దొడ్డికి నల్లగా తారు మాదిరి వస్తోందని చాలా రోజులకి మెల్లగా నా చెవిన వేస్తే, డిగ్రీ చదివిన నేను "రాగులు తింటున్నావు కదా నాయనా" అన్నాను. ఆ మాట అన్నది నేనే, అది నీ మీదకి తోయను.

నెలనెలా మొదటి శనివారం అలిపిరి నుంచి నడిచి కొండకి పోవడం నాయనకి అలవాటు. 3,550 మెట్లు ఆయనకి ఒక లెక్క కాదు. ఆ శనివారం గాలిగోపురం దగ్గర కూలబడ్డాడు. మొహం పాలిపోయి చెమటలు పట్టేశాయి. మెట్టుమెట్టుకీ పసుపు కుంకుమ పెట్టుకుంటూ వస్తున్న ఆడవాళ్ళు ఆగి చూస్తున్నారు. వణికే వేళ్ళతో జేబులోంచి నిన్ను తీసి, రేకు చినగక పళ్ళతో కొరికి, నీళ్ళు కూడా అడక్కుండా మింగేశాడు. "గ్యాస్‌రా, అయిదు నిమిషాల్లో తగ్గిపోతాది." కిందికి తెచ్చి రక్తం పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 7, అంటే ఒంట్లో రక్తం బాగా తక్కువ. కడుపులో పుండు నుంచి నెలల తరబడి కొంచెం కొంచెంగా కారిన రక్తమే ఆ నలుపు, ఆ ఆయాసం కూడా దాని వల్లే.

అంతకుముందు ఒక క్లినిక్‌కి మూడుసార్లు పోయాం. మూడుసార్లూ నీ పవర్ పెంచి, కారం తగ్గించమని, టెన్షన్ పడొద్దని చెప్పి పంపారు. గొంతులోంచి కెమెరా పైపు దించి కడుపు లోపల చూసే ఎండోస్కోపీ మాట నేనెత్తితే నాయన "పైపు మింగాలంట, నా వల్ల కాదు" అని తప్పించుకున్నాడు. తీరా చేయించుకుంటే ఏముంది, రాత్రి నుంచి ఏమీ తినకుండా పోవడం, గొంతులో చేదు స్ప్రే, పక్కకి తిరిగి పడుకోవడం, పది నిమిషాలు. చిన్న ముక్క గిల్లి బయాప్సీకి, అంటే క్యాన్సర్ ఉందేమో చూసే పరీక్షకి పంపారు. కడుపు క్యాన్సర్ అని తేలింది. జపాన్‌లో 50 దాటినవాళ్ళకి రెండేళ్ళకోసారి ఎండోస్కోపీతో కడుపు చూసే పద్ధతి ఉంది. మనకి 50 దాటితే నువ్వున్నావు.

కారం, టెన్షన్ అంటే గుర్తొచ్చింది. అల్సర్లన్నీ టెన్షన్ వల్లే వస్తాయని ప్రపంచమంతా నమ్ముతున్న రోజుల్లో ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్లు, కడుపు జిగురులో కాపురం పెట్టే హెలికోబాక్టర్ పైలోరి అనే మెలికల బాక్టీరియా వల్ల అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బాక్టీరియాని తానే గటగటా తాగి జబ్బు తెచ్చుకున్నాడు (మా నాయన పైపు మింగడానికే ఎనిమిది నెలలు తీసుకున్నాడు). 1994లో దాన్ని క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చారు, 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. మనదేశంలో చాలామంది కడుపుల్లో అది చిన్నప్పటి నుంచే ఉంటుంది, ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి క్యాన్సర్ రాదు. దానికి తోడు పొగ, ఉప్పులో ఊరేసిన తిండి, ఇంట్లో ఎవరికైనా వచ్చి ఉండటం, ఇవి కలిస్తే ముప్పు ఇంకా పెరుగుతుంది. ఫ్రిజ్‌లు వచ్చి ఉప్పు చేపల వాడకం తగ్గిన దేశాల్లో ఈ క్యాన్సర్ కూడా తగ్గుతూ వచ్చింది. అంటే ఈ విషయంలో నీకంటే వంటింట్లో గుయ్ మనే ఆ డబ్బా నయం.

ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్ళీ కీమో. కడుపు మొత్తం తీసేసి అన్నవాహికని చిన్నపేగుకి కలిపి కుట్టారు. ఇప్పుడు నాయన చిన్న గిన్నెలో పెట్టింది రోజుకి ఏడుసార్లు తింటాడు, కడుపు లేకపోతే బి12 ఒంటికి పట్టదు కాబట్టి ఆ ఇంజెక్షన్ వేయించుకుంటాడు.

తండ్రికి వచ్చింది కదా, నువ్వూ ఆ బాక్టీరియా ఉందేమో చూపించుకో అన్నారు నాతో. పరీక్షకి ముందు రెండు వారాలు నిన్ను మానెయ్యమన్నారు, నువ్వుంటే ఉన్న బాక్టీరియా కూడా దొరక్కపోవచ్చట. అందులోనూ నువ్వే అడ్డం! ఉందని తేలింది. 14 రోజుల కోర్సు రాశారు, యాంటీబయాటిక్స్, వాటికి తోడు ఎవరనుకున్నావు, నువ్వే. చీటీ మీద నీ పేరు సక్రమంగా రాసి ఉండగా చూడటం నాకు ఇదే మొదటిసారి.

నిన్న రాత్రి మింగుతుంటే నాయన పక్కకొచ్చి నిలబడ్డాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకుని ఒక తేన్పు తీసి, నా చేతిలోని షీటు వైపు చూసి, "ఒకటి నాకూ ఇయ్యిరా, గ్యాస్ మాదిరుంది" అన్నాడు.

కడుపే లేదు నాయనా అనేలోపు అమ్మ వచ్చి నిన్ను లాక్కుపోయి బియ్యం డబ్బాలో దాచింది. పొద్దుటి డోసుకి ఎక్కడున్నావో ఇంకా వెతుకుతున్నా.

ఇట్లు,
రిటైర్డ్ కండక్టర్ గారి పెద్దకొడుకు